తంతి మీద మునిరత్నం చెయ్యి

మా ముత్తాత వెంగల్ అనే ఊళ్లో మిరాసీదారు, తరతరాల భూస్వామి. ఆడికృత్తిక పండగనాడు మా తాత తిరుత్తణి కొండెక్కితే, గుడివాళ్లు తొలి పరివట్టం, అదే స్వామివారి మర్యాదగుడ్డ, ఆయన తలకే కట్టేవారు. దయ్యాల కబుర్లు మా ఇంట్లో పనివాళ్లు చెప్పుకునేవి. మేము చెవిన వేసుకునేవాళ్లం కాదు. నేను ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం రాస్తున్నాను.

పంతొమ్మిదివందల డెబ్బైల చివరి మాట. తిరుత్తణి తపాలాఫీసులో నేను టెలిగ్రాంలు కొట్టే గుమాస్తాని. చేజారిన మా భూముల దావా కోసం జీతం లేని సెలవు పెట్టి కొన్నేళ్లు మద్రాసులో కోర్టు చుట్టూ తిరిగాను. ఓడిపోయి మళ్లీ అదే బల్ల దగ్గరికి వచ్చాను.

ఆలోపు నా సీనియర్ మునిరత్నం చనిపోయాడు. మా ఇద్దరికీ పడేది కాదు. నేను సెలవు పెట్టిన రోజు అందరి ముందూ అన్నాడు: "పో దొరా, పొయ్యిరా. కోర్టు మెట్లు అరిగినాక ఈ స్టూలే నీకు సింహాసనం."

నేను తిరిగొచ్చినరోజు ఆ మాట తలుచుకుని ఆఫీసంతా నవ్వింది.

కొన్నేళ్లు కొట్టక వేళ్లు మొద్దుబారాయి. మోర్సు కోడులో చుక్కా గీతా కలిసిపోయేవి. తంతికి అవతల అందుకునే తిరువళ్లూరువాళ్లు ప్రతి మాటా మళ్లీ కొట్టమనేవారు. ఇన్‌స్పెక్టరు పరీక్ష పెడతానన్నాడు. తప్పితే ఉద్యోగం లేదు. నాకు వేరే ఆధారమూ లేదు.

తంతి కొట్టే ప్రతివాడికీ ఒక చెయ్యి ఉంటుంది. గొంతును పట్టి మనిషిని పోల్చుకున్నట్టు అవతలివాడు దాన్ని పట్టి పోల్చుకుంటాడు. మునిరత్నం ప్రతి మాటలోనూ చివరి అక్షరానికి ముందు కాస్త ఆగేవాడు.

పరీక్ష పట్టపగలే జరిగింది. ఇన్‌స్పెక్టరు నా వెనకే నిలబడ్డాడు. ఇచ్చిన టెలిగ్రాం కొట్టాను. ఒంట్లో వణుకు లేదు. వేళ్లు నావే. తిరువళ్లూరు ఒక్క మాట కూడా తిరిగి అడగలేదు.

ముగించగానే అవతలి నుంచి టక్కుటక్కుమంది. అక్కడ కూర్చునేది గోవిందన్న, పాతవాడు. మాలో మేము ఇంగ్లీషు అక్షరాలతో తెలుగే కొట్టుకునేవాళ్లం.

"ఏమప్పా మునిరత్నం, నువ్వు పోయినావని చెప్పినారే?"

ఇన్‌స్పెక్టరు తమిళుడు. ఏమంటున్నాడని అడిగాడు. బాగుందంటున్నాడని చెప్పాను.

తర్వాత గోవిందన్న ఏదో పనిమీద తిరుత్తణి వచ్చినప్పుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని కొట్టి చూపాను. శ్రద్ధగా విని, తల అడ్డంగా ఆడించాడు.

"ఇది నీ చెయ్యేనయ్యా. ఆ పొద్దు కొట్టిన చెయ్యి ఇది గాదు."

నన్ను చూస్తే గిట్టని మునిరత్నం నాకెందుకు సాయపడాలి? సాయపడ్డాడో, నన్ను ఆ స్టూలు మీద కూర్చోబెట్టి మరోసారి నవ్వుకున్నాడో! ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు.

ఉద్యోగం నిలిచింది. ఆ నెలలోనే, దావా అప్పులకని, వెంగల్‌లో మా తాతల ఇంటి తలుపులూ దూలాలూ విప్పి, తిరువళ్లూరులో కలప వ్యాపారికి అమ్మేశాం.