గంట మోగితె ఆగని చెయ్యి

మొన్న నా చెయ్యి నన్ను నలుగుట్ల ఎట్ల బద్నాం చేసిందో వినుండ్రి!

నేను బొగ్గుబాయిల హాలేజీ ఇంజన్ నడిపి రిటైరైనోణ్ని. రోప్‌తోని బొగ్గు టబ్బులు గుంజుడు నా డ్యూటీ. టబ్బులు మనకు కండ్లవడయ్. కిందోళ్లు టబ్బులకు రోప్ లింకు పెట్టి గంట కొడితె గుంజుడే!

మా ఇంటామె పోయినంక నా తలుపు కొట్టినోళ్లు లేరు. గసుంటిది, పక్కింటి స్రవంతి వచ్చింది. డిగ్రీ చదువుతది.

“కాకా, మా దోస్తుకు జరమొచ్చింది. కాలేజీ ఎగ్జిబిషన్‌ల నా మోడల్ పిడి నువ్వు గుంజుతవా? సార్లకు నచ్చితె కరీంనగర్ పంపుతరు.”

అడగాల్నా! ఇస్త్రీ అంగి ఏసుకొని, పిల్లకంటె ముందే కాలేజీ గేటుకాడ నిలవడ్డ.

మోడల్ ఏందంటె, ఒక కణం రెండయ్యే ముచ్చట. నడుమల స్పాంజి ముక్కల జంటలు, అవి క్రోమోజోములు. రెండు దిక్కుల నుంచి కొసకు కొక్కేలున్న దారాలు. పిడి గుంజితె జంటలు విడిపోయి చెరో దిక్కు పోతయ్.

సార్లు వచ్చిండ్రు. స్రవంతి షురూ చేసింది. “ఈ దారాలు నిజానికి సన్నని గొట్టాలు సార్. పెరుగుతయ్, తగ్గుతయ్, దేవులాడుకుంట పోయి క్రోమోజోమును పట్టుకుంటయ్. ఒక్క జంట మిగిలినా అది ‘ఆగు’ అని సిగ్నలిస్తది. అన్నిటిని రెండు దిక్కులా పట్టుకున్నంకనే విడదీసుడు.”

“అచ్చం మా హాలేజే బిడ్డా! లింకు పెట్టంది గంట కొట్టరు!” అన్న. సార్లు నవ్విండ్రు. నాకు గాలిల తేలినట్టయింది.

ఆఖరి జంటకు స్రవంతి ఒక దిక్కు కొక్కెం తగిలిచ్చింది. రెండో కొక్కెం ఇంక చేతులనే ఉన్నది. గప్పుడే కాలేజీ గంట మోగింది.

ఇగ నా చెయ్యి ఆగుతదా? సర్రున గుంజింది!

ఆఖరి జంట విడిపోకుంట మొత్తానికి మొత్తం ఒక్క దిక్కే వచ్చింది.

“ఎందుకు గుంజినవ్ పెద్దాయనా?” అన్నడు పెద్దసారు.

“గంట కొట్టిండ్రు కద సార్!”

అందరు పొట్టలు పట్టుకొని నవ్విండ్రు. స్రవంతి మొఖం సూడలేకపోయిన. ఇగ ఈ పిల్ల గూడ నా దిక్కు రాదనుకున్న.

పిల్ల గట్టిది. “ఆగుమనే సిగ్నల్ పనిచెయ్యకుంటె గిట్లనే అయితది సార్! ఒక కణంల రెండు, ఇంకోదాంట్ల సున్నా.”

పెద్దసారు తల ఊపిండు. మోడల్ పాసయింది!

వాపస్ వచ్చేటప్పుడు స్రవంతి అన్నది: “కరీంనగర్‌కు గూడ నువ్వే రావాలె కాకా. కని గంట మోగితె చేతులు జేబుల పెట్టుకో!”

ఖుషీగ ఇంటికొచ్చి చాయ్ పెట్టిన. సూస్తె, చెయ్యి మళ్ల దాని అలవాటు పనే చేసింది. రెండు గ్లాసులల్ల పోసింది!

కణానికున్న ‘ఆగు’ సిగ్నల్ నాకేడిది? ఒక దిక్కు రెండు, ఇంకో దిక్కు సున్నా. ఇగ రెండూ నేనే తాగిన.