చంద్రగిరి చాప మీద ఇంటర్వ్యూ

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, బల్లకు అవతల నలుగురు మనుషులు వరుసగా కూర్చుంటే చాలు, నా నాలుక అంగిటికి అతుక్కుపోయేది! ఇంట్లో బాగానే మాట్లాడేవాణ్ణి, రేణిగుంట దగ్గర వోల్టేజి స్టెబిలైజర్లు తయారు చేసే చిన్న ఫ్యాక్టరీలో ఇంజనీరుగా పనిచేస్తూ పనివాళ్లతో పొద్దస్తమానం వాగేవాణ్ణి, కానీ ఇంటర్వ్యూ అంటే మాత్రం నోరు ఎండిపోయి, చొక్కా తడిసిపోయి, చదివిందంతా ఎక్కడికో ఎగిరిపోయేది. మద్రాసులో ఒకసారి నా పేరు అడిగితే మా నాయన పేరు చెప్పాను, ఇంకోసారి హైదరాబాదులో అదీ చెప్పలేక వాళ్లిచ్చిన మంచినీళ్లు తాగి వచ్చేశాను. నవ్వకండి, అప్పుడు నాకు చచ్చిపోవాలన్నంత సిగ్గుగా ఉండేది.

అలాంటి నాకు, మా ఫ్యాక్టరీ మూతపడబోతోందని యజమాని అందరినీ పిలిచి చెప్పిన ఆ ఎండాకాలంలోనే, బెంగళూరులో కంప్యూటర్లు తయారు చేసే ఒక పెద్ద కంపెనీ నుంచి సీనియర్ ఇంజనీరు ఉద్యోగానికి పిలుపు వచ్చింది! మా ఆవిడ సుగుణ ఆనందం చూడాలి మీరు, వీధిలో అందరికీ చెప్పేసింది. నాకు మాత్రం పాత సిగ్గే గుర్తొచ్చింది. మైక్రోప్రాసెసర్ల గురించి దొరికిన పుస్తకమల్లా తెచ్చుకుని చదివాను, చదువు నాకెప్పుడూ కష్టం కాదు, గోడవైపు తిరిగి ఎంతటి ప్రశ్నకైనా గడగడా జవాబు చెప్పేవాణ్ణి, సుగుణ ముందుకొచ్చి కుర్చీ వేసుకుని కూర్చుని ఆఫీసరులాగా అడిగిందంటే మాత్రం మూగవాణ్ణే! ఈసారి కూడా ఇంతే అయితే ఇక నా చదువు, నా పని, అన్నీ నా లోపలే పూడ్చుకుని బతకాలి అనుకున్నాను.

అప్పుడు నేను చేసిన ప్రార్థన ఏమిటో తెలుసా సహోదరులారా? "ప్రభువా, ఈ పిలుపు నువ్వు పంపినదే అయితే దయచేసి నువ్వే వెనక్కి తీసుకో, ఇంకోసారి సిగ్గుపడే ఓపిక నాకు లేదు" అని మోకాళ్ల మీద ఏడ్చాను. దేవుడు ఆ ప్రార్థన ఆలకించలేదు, ఆయనకు స్తోత్రం!

మేము శుక్రవారం శుక్రవారం చంద్రగిరిలో దేవదానమ్మ అవ్వ ఇంటికి ప్రార్థనకు వెళ్లేవాళ్లం. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. సాక్ష్యం చెప్పేవాళ్లు చాప మీద నిలబడి చేతులు కట్టుకుని చెప్పాలి, ఒక్కొక్క సంగతి చెప్పి "దేవునికే మహిమ" అనాలి, వెంటనే అందరూ "స్తోత్రం" అనాలి, వాళ్లు ఆ మాట అనేదాకా చెప్పేవాళ్లు ముందుకు పోకూడదు. జ్వరం తగ్గినవాళ్లు, ఆవు ఈనినవాళ్లు, అందరూ లేచి చెప్పేవారు. నేను మాత్రం వాకిట్లో చెప్పుల పక్కన కూర్చుని, ఆ సమయం వచ్చేసరికి నీళ్లు తాగే సాకుతో మెల్లగా లేచిపోయేవాణ్ణి.

ఒక శుక్రవారం నేనట్లా లేవబోతుంటే సుగుణ ఉండబట్టలేక నా అవస్థంతా అందరి ముందు చెప్పేసింది. నాకు ఒళ్లు మండిపోయింది! అవ్వ మాత్రం నింపాదిగా వక్క నములుతూ, "ఇంటర్వ్యూ అంటే ఏంది సుగుణా, నలుగురు కూర్చోని అడిగేదే కదా? ఈడ మేం నలుగురం లేమా ఏంది?" అంది. అంతే, అక్కడే బోర్డు తయారైపోయింది! ముక్కాలిపీట మీద అవ్వ, కుడిపక్క పాస్టరుగారు, ఎడమపక్క రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఆరోగ్యంగారు, ప్రశ్నలు చదవడానికి మా సుగుణ, వాళ్లకెదురుగా చాప మీద నేను.

మొదటిరోజు ఒక్క మాట రాలేదు. నిలబడ్డాను, చెమటలు కక్కాను, కూర్చోబోయాను. ఆరోగ్యంగారు చెయ్యెత్తి, "నిలబడప్పా ప్రభాకరా, బండి లేటుగా వస్తాది గానీ రాకుండా యాడికి పోతాది? మేం కాసుకోని ఉంటాంలే" అన్నారు. అవ్వ కళ్లు మూసుకుని చేసిన ప్రార్థన నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. "యేసయ్యా, ఈ బిడ్డ నోట్లో మాట నువ్వు పెట్టు. ఆ మాట బయటికి వచ్చేదాకా మేం ఈడనే కూర్చోనుంటాం, యాడికీ పోము. ఆమేన్."

నిజంగానే కూర్చున్నారు! వాళ్లకు కంప్యూటరంటే ఏమిటో తెలియదు, నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అర్థం కాదు, అయినా వారం వారం నా ముఖంలోకే ప్రేమగా చూస్తూ కూర్చున్నారు. మెల్లగా ఒక మాట వచ్చింది, "స్తోత్రం" అన్నారు, ఇంకో మాట వచ్చింది, "స్తోత్రం" అన్నారు. రిలే గురించి చెబితే స్తోత్రం, మైక్రోప్రాసెసర్ గురించి చెబితే దానికీ స్తోత్రం! నడక నేర్చుకునే బిడ్డకు గోడ ఎట్లాగో నాకు ఆ మాట అట్లా అయిపోయింది, దాన్ని పట్టుకుని ఇంకో అడుగు, ఇంకో అడుగు వేశాను, చివరికి మామిడికాయల కాలం ముగిసేసరికి పాస్టరుగారే "ఇంక సాలు నాయనా, పాట పాడుకోవాల" అనేదాకా వచ్చాను. దేవుని కృప ఎంత గొప్పది!

ఇక అసలు రోజు. బెంగళూరులో ఆ కంపెనీవాళ్ల గదిలోకి వెళ్లాను, నలుగురు ఉన్నారు, మధ్యలో నుదుట నామం పెట్టుకున్న పెద్దాయన. కూర్చోమన్నారు, నేను అలవాటుకొద్దీ చేతులు కట్టుకుని నిలబడ్డాను. మీరు తయారు చేసింది పాడైపోయిన సందర్భం ఒకటి చెప్పండి అని ఆ పెద్దాయన ఇంగ్లీషులో అడిగారు. చెప్పాను సహోదరులారా! పల్లెల్లో కరెంటు పోయి మళ్లీ వచ్చేటప్పుడు ఒక్కసారిగా దెబ్బ తగిలి మా స్టెబిలైజర్లు కాలిపోయేవని, కరెంటు రాగానే కలుపుకోకుండా అది కుదురుకునేదాకా ఆగి ఆ తర్వాతే కలుపుకునేలా మార్చానని, ఆ మార్పులో మొదట నేనే ఒక పొరపాటు చేసి దాన్ని ఎట్లా దిద్దుకున్నానో కూడా, అంతా ఇంగ్లీషులో పూసగుచ్చినట్టు చెప్పి, చివర్లో తెలుగులో గట్టిగా "దేవునికే మహిమ!" అని, స్తోత్రం కోసం ఆగాను.

ఎవరూ స్తోత్రం అనలేదు. మామూలుగా అయితే ఆ నిశ్శబ్దానికి నేను కుప్పకూలిపోవాలి, కానీ ఏమిటో, ఎవరో అనాల్సింది అన్నట్టే నా మనసు నిబ్బరంగా ఉంది, అప్పుడు తెలిసింది నాకు, నలుగురి ముందు మొత్తం జవాబు చెప్పేశానని! నాకు నవ్వొచ్చేసింది. ఆ పెద్దాయన కూడా నవ్వి, అచ్చం మన చిత్తూరు మాటలో, "మహిమ ఆయనకే కానీలే అప్పా, ఎంతసేపు ఆగేట్టు పెట్టినావో అది మాత్రం నువ్వే సెప్పాల!" అన్నారు. గదంతా నవ్వులు! ఆ తర్వాత కూర్చుని మాట్లాడాను, వాళ్లే చాలనేదాకా మాట్లాడాను.

మరుసటిరోజు చంద్రగిరి వెళ్లి ఈ సంగతి చెబితే అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు, అవ్వ మాత్రం నవ్వలేదు, కళ్లు తుడుచుకుంటోంది. ఏమయిందని అడిగితే సుగుణ చెప్పింది. నిన్న పొద్దున సరిగ్గా నేను లోపలికి వెళ్లే వేళకు అవ్వ అందరినీ పిలిపించిందట, చాప పరిపించిందట, ఖాళీ చాపకు ఎదురుగా ఎప్పటిలాగే బోర్డు కూర్చుందట. సుగుణ ఒక్కొక్క ప్రశ్న అడిగేదట, నేను జవాబు చెప్పేంతసేపు అందరూ ఆగి, "స్తోత్రం" అనేవారట. "నువ్వు ఆడ నిలబడి ఎదురుసూస్తావని నాకు తెలుసురా నాయనా, అందుకే ఈడ్నుంచి అన్నాం" అంది అవ్వ. నేను ఆ చాప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఉద్యోగం వచ్చింది, బెంగళూరులో కాపురం పెట్టాము, అంతా ఆయన చలవ, అంతకన్నా ఎక్కువగా నా నాలుకకు కట్టిన కట్లు తెంచిన నా దేవునికి కోట్లాది వందనాలు! సెలవు దొరికిన ప్రతి శుక్రవారం చంద్రగిరి పరుగెత్తుతాము, ఇప్పుడు ఆ బోర్డులో నాకూ ఒక చోటు ఇచ్చారు. ఇది చదువుతున్న సహోదరుడా, సహోదరీ, నీ భయం ఏదైనా కానీ, నీ నోరు ఎన్నాళ్లుగా మూతపడి ఉన్నా కానీ, ఆయనను నమ్ముకుని ఒక్కసారి ఆ చాప మీదికి రా. నువ్వు ఒక్క మాట చెప్పు చాలు, ఎంతసేపు పట్టినా మేము కూర్చునే ఉంటాము, స్తోత్రం మేము చెబుతాము.