అరవై ఆరు డిగ్రీల అపొలోనియ

అపొలోనియ ఇరవై ఆరేళ్లు బిర్జాయ్ ఊరి పాలకేంద్రంలో పాలు పరీక్షించింది. ఎవరు నీళ్లు కలిపారో, ఎవరు పిండి కలిపారో నాలుగు చుక్కలు చూసి చెప్పేసేది. ఆమె ముందు క్యాను దించాలంటే రైతులకు గుండెదడ. ఒక్కచోట మాత్రం ఆమె మాట చెల్లేది కాదు. అది పెరట్లో బీరు కాచే పాక. అక్కడ రాజ్యమంతా భర్త స్తెపోనస్‌ది.

స్తెపోనస్ బీరు లేనిదే ఆ ఊళ్లో పెళ్లి జరిగేది కాదు. చెక్కతొట్టిలో మాల్ట్ పిండి, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ పిండి, పోసి, మరిగిన నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతూ, కుడిచేతి మూడు వేళ్లు ముంచి ఒక్కసారి గిర్రున తిప్పి తీసేవాడు. వేళ్లు చాలన్నాయంటే నీళ్లు ఆపేసేవాడు. వాళ్ల నాన్నా అంతే, తాతా అంతే.

ఒక చలికాలం అతనికి పక్షవాతం వచ్చింది. మాటా నడకా తిరిగొచ్చాయి గానీ కుడిచేతికి స్పర్శ రాలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వసంతంలో మనవరాలి బాప్తిజానికి ఎప్పటిలాగే బీరు కాచాడు. వేళ్లకు గుడ్డ చుట్టుకుని వస్తే, కాగు తగిలిందేమో అనుకుంది అపొలోనియ.

విందులో ఆ బీరు మడ్డిగా, జిగురుగా దిగింది. ఎంత తాగినా మత్తు లేదు. పక్కింటి బల్త్రుస్ గ్లాసు పైకెత్తి చూశాడు.

"ఏం స్తెపోనస్ అన్నా, మనవరాలికని ఉగ్గు కాచావా?"

బల్లంతా గొల్లుమంది. స్తెపోనస్ ఉడికించిన బఠాణీల పళ్లెం పక్కకు నెట్టి లేచిపోయాడు.

ఆమె వెంటే వెళ్లింది. అతని కుడిచెయ్యి పట్టుకుని చూస్తే మూడు వేళ్ల మీదా బొబ్బలెండిన చర్మం పొరలుగా లేస్తోంది.

"నీళ్లు సలసలా కాగుతుంటే నీకు తెలీలేదు కదయ్యా?"

 అతను కళ్లు తుడుచుకున్నాడు.

"ఇకనుంచి నేను కాస్తాను."

"నువ్వా? అవి పాలు కాదే, బీరు!"

"నీ బీరు ముప్ఫై ఏళ్లుగా తాగుతున్నాను. నాకు తెలీదా?"

పాలకేంద్రం నాటి థర్మామీటర్ని, పాలల్లో కలిపిన పిండిని పట్టించే అయోడిన్ సీసాని బయటికి తీసింది. నీళ్లు ఎక్కువ కాగితే మాల్ట్‌లో పిండిని చక్కెరగా మార్చే సత్తువ చచ్చిపోతుందని ఆమెకు అర్థమైంది. ఆ భయంతో మొదటి తొట్టి యాభై తొమ్మిది డిగ్రీల దగ్గరే ఆపేసింది. బీరు పలచగా, నోట్లో నిలవకుండా జారిపోయింది.

"పాక చూరు నుంచి కారిన వాననీళ్లలా ఉంది," అన్నాడు స్తెపోనస్.

రెండోసారి డెబ్బై మూడు దాకా పోనిచ్చింది. ఆ బీరు రెండు గుక్కలకే కడుపు నింపేసింది. ఆమె గరిటె తొట్టిలో పడేసి భర్త వైపు తిరిగింది.

"నీ ఎడమచేతికి బాగానే తెలుస్తుందిగా. అది ముంచు."

"ఎడమచేత్తో కాచడం మా వంశంలో లేదు."

"మీ వంశంలో ఆడది కాచడం కూడా లేదు. ముంచవయ్యా!"

గొణుక్కుంటూ ముంచాడు. ఆమె నీళ్లు పోస్తోంది. మూడోసారి ముంచినప్పుడు, "చాలు, ఆపు," అన్నాడు. థర్మామీటర్ చూసింది. అరవై ఆరు. మర్నాడు అది కనబడకుండా దాచి, మళ్లీ ముంచమంది. అరవై ఐదు. ఇంకోసారి అరవై ఆరు.

"నీ చెయ్యి ఒక్క డిగ్రీకి మించి తప్పడం లేదయ్యా!" అంది. అతను పాలిపోయిన ముఖంతో నిలబడి నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

వేడి తగ్గకుండా తొట్టికి గొర్రెతోలు కోటు చుట్టారు. గంటన్నర తర్వాత ఒక చెంచాడు తీసి అయోడిన్ చుక్క వేసింది. నీలం రంగు తిరగలేదు, గోధుమరంగే నిలిచింది. పిండంతా చక్కెరయిపోయిందన్నమాట.

ఆ వేసవిలో బల్త్రుస్ కూతురి పెళ్లికి ఆ బీరే పోశారు. బల్త్రుస్ మొదటి గ్లాసు గుటగుటా తాగాడు. రెండోది కూడా. మూడోది నింపుకుంటూ, "స్తెపోనస్ అన్నా, చెయ్యి బాగుపడిందే!" అన్నాడు.

స్తెపోనస్ బల్ల పట్టుకుని లేచి నిలబడ్డాడు. అందరికీ వినపడేలా, "నాది కాదురా. మా ఆవిడ కాచింది. డిగ్రీ డిగ్రీ చూసి కాచింది. మా తాత బతికుంటే ఈమె దగ్గర నేర్చుకునేవాడు!" అన్నాడు.

అపొలోనియ ముఖం ఎర్రబడింది. తల మాత్రం దించుకోలేదు. పెళ్లికూతురు వచ్చి ఆమెను కావలించుకుంది.

వారం తిరక్కుండానే బల్త్రుస్ గేటు దగ్గర నిలబడ్డాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"వదినా, మా తొట్టి ఒకసారి చూసి పెడతావా?"

"నీకంటే ముందు ఇద్దరున్నారు బల్త్రుస్," అందామె, కొత్తగా కట్టుకున్న ఏప్రన్‌ మీద చేతులు తుడుచుకుంటూ. "గురువారం రా."