నాన్న కారు, అమ్మ తోమిన బోల్టులు

నాన్న పోయిన పదకొండున్నర నెలలకు అమ్మ ఆయన కారు మాటెత్తింది. వచ్చే ఆదివారం సంవత్సరీకం. బంధువుల భోజనాలకు గోపన్‌పల్లిలో మా ఇంటి ముందు షామియానా వేయాలి. ఆ జాగాలో కారు ఉంది. నేను పుట్టకముందు ఇంగ్లండులో తయారైన చిన్న కారు. నాన్న చివరిసారి దిగిన తర్వాత అది కదల్లేదు.

"నడవని దాన్ని రోజూ చూడలేను బిడ్డా. ఆదివారం పొద్దున ఎనిమిదికి దానంతట అది గేటు దాటితే ఉంచుకుందాం. లేకుంటే పాతినుము కొనేటాయన తీస్కపోతడు. చెప్పి పెట్టిన" అంది.

నాన్న వస్తువుల్లో నాకు కావాలనిపించింది ఆ కారు ఒక్కటే. బోరబండ నుంచి మెకానిక్‌ను పిలిచాను. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. ఇంజను బయటికి తీయాల్సిందే అన్నాడు. అప్పట్లో మాదాపూర్ వైపు ఎటు చూసినా అద్దాల ఆఫీసులు లేస్తున్నాయి. ఒకచోట వాచ్‌మన్‌ను బతిమాలి మూడు ఇనుప పైపులు, ఒక గొలుసు కప్పీ తెచ్చాం. పైపులను ముక్కాలి పీటలా నిలబెట్టి, కప్పీ కట్టి, బుధవారం ఇంజను పైకి లాగాం.

ఉస్తాద్ కాగితం వాడడు. విప్పిన ప్రతి బోల్టునూ వాకిట్లో షాబాదు బండల మీద పెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీసి, అది ఎక్కడిదో పక్కన రాసేవాడు. సాయంత్రానికి వాకిలంతా నిండింది. ఇంజనును షెడ్డుకు తీసుకెళ్లి, రింగులు మార్చి, శుక్రవారం మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో తెచ్చాడు.

ఆ పొద్దున అమ్మ వాకిలి కడిగింది. శుక్రవారం కదా. బోల్టులన్నీ చాటలోకి ఎత్తి, బూడిదతో తోమి, పొడుగువి ఒక వైపు, పొట్టివి ఒక వైపు ఆరబెట్టింది.

ఉస్తాద్ చాట ముందు కూలబడ్డాడు. "ఏందమ్మా ఇది?"

"జిడ్డుండె. తోమిన."

"మరి నేను రాసుకున్నది?"

"బండల మీద ఎవరన్న రాస్తరా? పలక లేదా మీ ఇంట్ల?"

ఆయన ఒక బోల్టు తీసి ఎండకు పట్టి చూశాడు. "తమ్మీ, ఇరవై ఏండ్ల సంది ఈ పని చేస్తున్న. ఇంత తెల్లటి బోల్టు చూడలె."

అమ్మ గబగబా లోపలికి వెళ్లింది. అక్కడి నుంచి ఏదో చప్పుడు వచ్చింది. అమ్మకు దగ్గు వచ్చిందనుకున్నాను. నవ్వుతోంది.

శనివారమంతా ముగ్గురం ఒక్కో బోల్టును ఒక్కో రంధ్రంలో పెట్టి చూశాం. "పట్టిందా?" "పట్టలె." "ఇది?" "సగం పోయింది, ఆగింది." ఇంజను దించే వేళకు ఉస్తాద్ కారు కింద, నేను పక్కన. గొలుసు పట్టడానికి అమ్మ ఒక్కతే మిగిలింది. బావిలో నీళ్లు చేదిన చేతులు, బాగానే లాగింది. కానీ తప్పు వైపు లాగింది. గేరుపెట్టె నోటి దాకా వచ్చిన ఇంజను మళ్లీ ఆకాశం బాట పట్టింది.

"కిందికమ్మా, కిందికి! జర మా మీద దయ ఉంచు!"

"మంచిగ చెప్పు. నీ ఒక్కనికే తొందరనా?"

నేను నిలబడలేక మడ్‌గార్డు పట్టుకుని నవ్వాను. కారు కింద ఉస్తాద్ కాళ్లు కూడా ఊగుతున్నాయి.

చీకటి పడేలోగా ఇంజను కూర్చుంది. చాటలో నాలుగు బోల్టులు మిగిలాయి.

"ఇవి?" అన్నాను.

"బండి నడిస్తే అవి ఎక్స్‌ట్రా. నడవకుంటే అవే అసలువి. ఫికర్ చెయ్యకు."

ఆదివారం ఎనిమిదికి ముందే పాతినుము మనిషి మూడు చక్రాల బండితో గేటు దగ్గర నిలబడ్డాడు. ఉస్తాద్ స్టీరింగు పట్టుకున్నాడు. నేను కారు ముందు నిలబడి, ఇంజను లేపే హ్యాండిల్ తిప్పాను. ఏమీ లేదు. మళ్లీ తిప్పాను. ఇంజను ఒక్క తుమ్ము తుమ్మింది. గేటు దగ్గరి మనిషి తువాలు దులిపి లోపలికి నడిచాడు. మూడోసారి నల్లటి పొగ లేచి నా ముఖం కప్పేసింది. ఆ పొగలోంచి కారు గడగడమంటూ వచ్చింది. నేను పక్కకు దూకాను. ఆ మనిషీ దూకాడు. కారు గేటు దాటి రోడ్డెక్కింది.

"ఖాళీ చేతుల్తోని పోతవా? ఊకెనే వచ్చినవ్ పాపం" అంటూ అమ్మ చాటలోని నాలుగు బోల్టులూ ఆయన దోసిట్లో పోసింది.

"ఇయ్యకమ్మా!" పోతున్న కారు కిటికీలోంచి ఉస్తాద్ తల బయట పెట్టి అరిచాడు. "ఇంక బ్రేకు తొక్కి చూడలె!"