తెగిపోయిన చివరి గడి

ఎదుటివాళ్ళ చూపు ఎంత తగ్గిందో చెప్పడం కళ్ళజోళ్ళ దుకాణం ఆయనకు బాగా వచ్చు. తన చూపు సంగతి ఎత్తితే మాత్రం ఒళ్ళు మండుతుంది. పాతికేళ్ళుగా అద్దాలు అరగదీస్తున్నాడు, ఆ పని చక్కగానే చేస్తాడు, కాదనను. ఆ మాత్రంతో ఊరుకుంటే ఆయన ఆయనెందుకవుతాడు?

కంపెనీ పెద్దలు తమ కంపెనీ షేర్లు కొన్నా అమ్మినా బయటపెట్టి తీరాలని, ఆ పట్టికలు ఎవరైనా చూడొచ్చని మూడేళ్ళ కిందట ఎవరో చెప్పారు. అంతే, తలకెక్కింది. చూపు పరీక్షకు వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదుటి కర్రకు గడ్డం ఆనించి కదపొద్దని చెప్పి, ఉపన్యాసం మొదలుపెట్టేవాడు. కదలడానికి వీల్లేని మనిషి కంటే మంచి శ్రోత ఎక్కడ దొరుకుతాడు!

"బయటివాళ్ళ కబుర్లు నమ్మకండి. లోపలివాళ్ళు ఏం చేస్తున్నారో చూడండి. వాళ్ళకు తెలియని గుట్టు ఉంటుందా? ఎందుకు చేశారన్న కారణాలతో మనకేం పని? షేర్లు కదిలాయా లేదా, అంతే!"

వీధిలో ఆయనకు "లోపలిమనిషి" అని పేరు పెట్టారు. అది వెక్కిరింతని కూడా తెలియక మురిసిపోయాడు, మహానుభావుడు.

దుకాణం వెనక సగంలో, తెర అవతల, భార్య కుట్టుమిషను. బడిపిల్లల యూనిఫాంలు, కిటికీ తెరలు కుట్టి నాలుగేళ్ళుగా పైసా పైసా కూడబెట్టింది. పక్క గది అద్దెకు తీసుకుని ఇంకో రెండు మిషన్లు వేయాలని ఆమె కోరిక. దుకాణంతో సహా ఆ వరస గదులన్నిటి యజమాని నెలాఖరు దాకా ఆగుతానన్నాడు.

సరిగ్గా అప్పుడే మన ఘనుడు ఓ కాగితం ఊపుకుంటూ వచ్చాడు. టైర్ల కంపెనీ చైర్మన్ ఖాతాలో నాలుగు లక్షల షేర్లు కొత్తగా చేరాయట.

"నీ డబ్బు మూడు వారాలకివ్వు. ఒక్క గదేం ఖర్మ, వరసంతా తీసుకోవచ్చు."

ఆమె కాగితం అందుకుంది. కుట్టుపని మనిషి కదా, కన్ను ముందు అంచు మీదికే పోయింది.

"ఏమండీ, ఈ కుడివైపు చివరి గడి తెగిపోయిందేం? పైన 'ఎలా' అని సగం మాటే ఉంది."

"కాగితం చాల్లేదు. అందులో ఏముంటుంది, కారణాలు రాసుంటారు. కారణాలతో మనకేం పని?"

పాతికేళ్ళ కాపురంలో ఆయన అరవకుండా అడిగింది అదే మొదటిసారి. ఇచ్చింది, పాపం.

మూడు వారాల్లో షేరు సగానికి పడింది. "చైర్మనే కొన్నాక పెరక్క చస్తుందా!" అంటూ అమ్మకుండా భీష్మించుక్కూర్చున్నాడు. ఇంకా పడింది. ఈలోగా గడువు దాటింది, యజమాని ఆ గదిని వేరేవాళ్ళకు ఇచ్చేశాడు.

ఆ రోజు ఆమె ఒక్కర్తే ప్రింట్లు తీసే కొట్టుకు వెళ్ళింది. గుడ్డ నిలువు చాలకపోతే అడ్డం తిప్పాలని ఆమెకు తెలుసు. "ఈ పట్టిక అడ్డంగా తియ్యండి," అంది. చివరి గడి పూర్తిగా వచ్చింది. 'ఎలా వచ్చాయి: తల్లి నుంచి బహుమతి.' చైర్మన్ జేబులోంచి దమ్మిడీ తీయలేదు. ముసలావిడ తన షేర్లు కొడుకు పేర రాసిందంతే! అది చూసి ఈ అద్దాల మేధావి పెళ్ళాం కష్టార్జితం ధారపోశాడు.

ఆమె ఆ కాగితం తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. చదివాడు. అప్పుడైనా తప్పయిందన్నాడా?

"పట్టిక అంత వెడల్పుగా ఎవడు పెట్టమన్నాడు వాళ్ళని?" అన్నాడు. సిగ్గు లేకపోతే సరి!

ఎదురు వరసలో తెరలమ్మే కొట్టువాళ్ళు ఓ మూల ఇస్తామంటే, మర్నాడు పొద్దున్నే ఆమె మిషనును తోపుడుబండి ఎక్కించి అక్కడికి తీసుకెళ్ళిపోయింది. వీధి వీధంతా చూసింది.

మధ్యాహ్నానికి గదుల యజమాని దిగబడ్డాడు.

"లోపలిమనిషిగారూ, ఇకమీదట మూడు నెలల అద్దె ముందే ఇవ్వాలండీ. ఇవాళే."

"ఇదేం అన్యాయం! పాతికేళ్ళలో ఒక్క నెల ఆలస్యం చేశానా?"

"లేదు. కానీ మీ ఇంటావిడే మిషను ఎత్తుకెళ్ళింది. లోపలివాళ్ళకు తెలియని గుట్టు ఉంటుందా?"

"అయ్యో, దుకాణం బాగానే ఉందండీ! ఆవిడ వెళ్ళింది వేరే కారణం..."

"కారణాలతో మనకేం పని? నా గడ్డం ఆ కర్రకు ఆనించి మరీ మీరే కదా చెప్పారు!"

లోపలిమనిషి సొరుగు లాగి చూసుకున్నాడు, ఉన్న డబ్బులు ఒక నెలకు కూడా చాలవు. అద్దెకు తక్కువైనప్పుడల్లా ఎన్నేళ్ళుగానో ఏం చేస్తున్నాడో ఇప్పుడూ అదే చేశాడు. తెర వైపు తిరిగి, "ఏమోయ్!" అని కేకేశాడు.