మాజోక్ అన్న పిలుపు

జూబా నగరంలో నది ఒడ్డున ఉన్న ఓ హోటల్ గేటు దగ్గర మాజోక్ ఆరేళ్లుగా కాపలా. నుదుటి మీద మా తెగ గుర్తుగా వరసగా గాట్లు, ఒంటి మీద చేతులు పొట్టైన నీలం యూనిఫాం. పశువులే ఆస్తైన మాలో ఈడొచ్చిన కుర్రాడికి తండ్రి ఒక కోడెనిస్తాడు. ఇక ఆ కోడె రంగే వాడి పేరు. మాజోక్ అంటే నలుపూ తెలుపూ కలిసినది. గేటు పక్కన టీ కాచే న్యిబోల్ రోజూ పొద్దున్నే, "మాజోకన్నా, ఈ గ్లాసు నీకా, నీ ఎద్దుకా?" అని వేళాకోళం చేసేది.  అతను రెండు చేతులూ కొమ్ముల్లా వంచి తల మీదికెత్తి నవ్వేవాడు. ఎడమ చెయ్యి కాస్త ఎక్కువ వంచేవాడు, ఊళ్లోని అతని ఎద్దు ఎడమ కొమ్ము అలాగే ఉండేది మరి. జనరేటర్ రొదలో కూడా ఆ ఎద్దు మీద తాను కట్టిన పాటే గొణుక్కునేవాడు.

మొన్న ఊరి నుంచి తమ్ముడి వరస కుర్రాడు పడవ దిగి వచ్చాడు. రెండేళ్లుగా తగ్గని వరదలో నిలబడి నిలబడి ఎద్దుకి గిట్టలు కుళ్లిపోయాయట. "పడిపోయాక కోసుకున్నామన్నా. పిల్లలు ఆకలికి ఆగలేకపోయారు," అన్నాడు. మాజోక్ తల ఊపి, "మంచిపనే చేశారు," అన్నాడు. మర్నాడు న్యిబోల్ పిలిస్తే ఇటు తిరగలేదు. మూడోసారి పిలిచాక, "ఆ పేరు పెట్టి పిలవకు చెల్లీ," అన్నాడు.

"మరేమని పిలవను? నీకింకో పేరుందని నాకేం తెలుసు?"

అతను గ్లాసు అందుకుని నోటిదాకా ఎత్తాడు. ఇంతలో బయట కారు హారన్ మోగింది. "ఏయ్ గేటూ," అని డ్రైవర్ కేకేశాడు.

ఆ పిలుపుకి మాత్రం అతను వెంటనే పలికాడు.