వైరస్ గోత్రం

మహాకావ్యానికి తగ్గ కథ చెబుతాను. అంత లేదు లెండి. రాజోలు నుంచి అమలాపురం వెళ్లే బస్సులో ముగ్గురి సీట్లో నలుగురం ఇరుక్కున్నప్పటి మాట.

పక్కావిడ చేతిలో ల్యాబ్ కాగితం ఉంది. వాళ్ల పేటలో పిల్లలకి మెదడువాపు వచ్చిందట. ఆవిడ కూతురు చావు తప్పించుకుందట. పందులే కారణమని పంచాయతీ వాళ్లు ఈవిడ పెంచుకునేవాటిని ఊరు దాటించేశారట.

"ఇప్పుడేమో పిల్లల వెన్నులో నీరు తీసి, వైరస్ జన్యువులు చదివేరండి. గోత్రం తేలిందండి. దోమలు పందుల్నించి మోసుకొచ్చే రకం కాదంట, తాగే నీళ్లలో వచ్చే రకమంట."

"అయితే పందులకి క్షమాపణ చెప్పాలండి," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "మా కుళాయి పైపు మురుక్కాలవలోంచి వస్తందని ఏడాదిగా మొత్తుకున్నామండి. అప్పుడు మా గోత్రం అడిగేరండి. ఇప్పుడు పురుగు గోత్రం చెబితేగానీ నమ్మలేదండి!"



ఆ కాగితం మంచినీళ్ల శాఖ ఇంజనీరుగారి బల్ల మీద పెట్టి, పైపు మార్చేదాకా కదలనంటూ అమలాపురంలో దిగింది. ఆఫీసు చూపిద్దామని నేనూ వెంట నడిచాను.

తాళం వేసి ఉంది. ఆవేళ రెండో శనివారం.